లంగరుపేట మూడో వరస, వేడి చూసిన పుస్తకం

జనవరి 19, ఆదివారం

ఇళ్ళు అరవై రెండు. పళ్ళేల్లో పెట్టినవి నూట తొంభై ఒకటి. వేడి: లేదు.

రూలు ప్రకారం ఇంతకు మించి రాయనక్కర్లేదు. పదకొండు నుంచి రెండింటి దాకా ఎండ కరెంటు ఉన్నంతసేపూ నేను వరసంతా తిరుగుతూనే ఉంటాను. ప్రతి గుమ్మం ముందూ ఇసుక పోసిన మట్టిపళ్ళెం, అందులో ఫోన్లు, టార్చీలు, రేడియోలు, పడవ బ్యాటరీలు. ఒక్కోదాని మీదా చేతి వెనక వైపు ఆనించి చూస్తాను. చెయ్యి తీసెయ్యాలనిపిస్తే అది వేడెక్కినట్టు. ఉబ్బినట్టు కనబడితే ఇక అడగక్కర్లేదు, ఇసుక కుండలో వేసి దూరపు తెప్ప మీదికి పంపించెయ్యడమే. అది అయిపోయాక, రెండు దాటాక, ఏం చెయ్యాలో నాకు తోచదు. కాలు ఒకచోట నిలిచే రకం కాదు నాది. అందుకని చేతికైనా పని ఉంటుందని ఇలా రాస్తుంటాను.

ఈ రోజు గొడ్డలి పరీక్ష జరిగింది. నెలకోసారి ఏదో ఒక ఇంట్లో మంట లేచిందనుకుంటాం. గొడ్డలి మనిషి, అంటే వేడి చూసే మనిషే, ఆ ఇంటిని వరసకి కట్టిన మోకుల దగ్గర నిలబడి, లోపలివాళ్ళకి వినబడేలా వంద లెక్కపెట్టాలి. ఆ వందలోపు బయటికి రావాలి. వంద అయ్యాక నాలుగు మోకులూ తెగ్గొట్టి ఇంటిని సముద్రంలోకి వదిలెయ్యాలి. లోపల ఎవరైనా ఉండిపోయారా అని అడగకూడదు. నాలుగో వరసలో అడిగారు. అందుకే మా పేటలో మూడో వరస పక్కన అయిదో వరస ఉంటుంది.

నేను వంద లెక్కపెట్టడానికి నిమిషంన్నర కూడా పట్టదు. నా తర్వాత అబ్బులు వంతు. నాకు ఒంట్లో బాగాలేకపోతే నా బదులు చూసే మనిషి ఆయనే. రేవులో ముప్పై ఏళ్ళు పీతల బుట్టలు లెక్కపెట్టాడు, ఆ అలవాటు వదల్లేదు. ఒకటి అనడు, లాభం అంటాడు. ఏడు అనడు, ఆరున్నొక్కటి అంటాడు. అంటే అన్నాడు, అంకెకీ అంకెకీ మధ్య బుట్ట ఖాళీ చేసి పక్కన పెట్టేంత సేపు ఆగుతాడు. "లాభం" అని ఊపిరి పీల్చుకుంటాడు, "రెండు" అని సముద్రం వంక చూస్తాడు. నేను మనసులో నా వంద పూర్తి చేసేసరికి ఆయన నలభై ఒకటిలో ఉన్నాడు.

"అబ్బులు గారూ, ఇది పీతల రేవు కాదండీ బాబూ. మంట," అన్నాను.

"తెలుసమ్మా. తొందరపడితే లెక్క తప్పుద్దండి."

"లెక్క తప్పేలోపు ఇల్లు కాలిపోద్ది."

"లెక్క తప్పితే మళ్ళీ మొదట్నించీ ఎట్టుకోవాలి కదమ్మా మరి," అన్నాడు, ఎంతో నిదానంగా.

అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. కాబట్టి ఇక్కడ రాసిపెడుతున్నాను: అబ్బులు ఈ పనికి తగడు. వరస పెద్దలు వేరే మనిషిని చూడాలి. ఇట్లు, ఓలేటి సత్యవేణి.

జనవరి 22, బుధవారం. పురుడు మొదటి రోజు

వేడి చూసింది: అబ్బులు. వేడి లేదని చెప్పాడు. చెప్పాడు కాబట్టి రాస్తున్నాను.

లోవకి తెల్లవారాక ఆడపిల్ల పుట్టింది. లోవ నా కూతురు, ఒక్కతే. అల్లుడు వీరబాబు గాలిమరల పడవ మీద పనికి వెళ్ళాడు, మళ్ళీ నెలకి గాని రాడు. పిల్ల ఎనిమిదో నెలలోనే తొందరపడింది. ఆ తొందర ఎవరి పోలికో ఎవరినీ అడగక్కర్లేదు. కేజీ ఆరువందలుందట.

ఇక పదకొండు రోజులు నేను ఎవరి పళ్ళెమూ ముట్టుకోకూడదు. మా గుమ్మం ఎవరూ తొక్కరు. నేల పోయింది, ఊళ్ళు పోయాయి, గుళ్ళు కూడా పడవలెక్కాయి, పురుడు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఈ పుస్తకం నా దగ్గరే ఉండిపోయింది, పురుడింటి పుస్తకం కదా అని అబ్బులు తీసుకోనన్నాడు. రోజూ రెండు దాటాక పక్కింటి పలకల మీద నిలబడి అరిచి చెబుతాడట, నేను రాసుకోవాలట. సరే, రాయక చస్తానా.

ఆస్పత్రి పడవ మీద డాక్టరమ్మ కాపుబొంత ఇచ్చింది. చంటిదాని ఒంటి చుట్టూ చుడితే వెచ్చగా ఉంచుతుంది, ఊపిరి ఆగితే కూస్తుంది. దానికి ఇటుకంత బ్యాటరీలు రెండు. ఒకటి బొంతలో ఉంటే రెండోది పళ్ళెంలో ఉండాలి. "నెలలు నిండేదాకా ఇది ఆరకూడదు. ఆరిందో, ఊపిరి మరిచిపోయినా మీకు తెలీదు," అని రెండుసార్లు చెప్పింది డాక్టరమ్మ.

మనవరాలిని చూశాను. ముట్టుకోలేదు. అరవై రెండు ఇళ్ళ సామాన్ల మీద ఆనించిన చెయ్యి ఆ పిల్ల మీద ఆనించడానికి రాలేదు. నాకు భయం వేసింది, ఇంకోలా చెప్పడం ఎందుకు. ఆ గదిలో రెండు నిమిషాలుంటే నాకే ఊపిరాడదు. బొంత మీద పచ్చదీపం ఉందో లేదో చూసి బయటికి వచ్చేస్తున్నాను.

జనవరి 24, శుక్రవారం. పురుడు మూడో రోజు

వేడి: లేదు, అని అబ్బులు ఉవాచ.

వరస చివర, అరవై రెండో ఇల్లు దాటాక, పెద్దపెట్టె ఉంటుంది. ఎండ ఉన్నప్పుడు పళ్ళేలకి పోగా మిగిలిన కరెంటు అందులో చేరుతుంది. ఆ తర్వాత ఇళ్ళల్లో దీపాలకీ ఫ్యాన్లకీ అదే దిక్కు. దాని మీద పది దీపాలు. సాయంత్రానికి తొమ్మిది వెలగాలి, తెల్లవారేసరికి ఆరు మిగలాలి. ఏళ్ళ తరబడి అంతే. ముట్టుకోకూడదు గాని చూడకూడదని ఎవరూ అనలేదు కదా అని పొద్దున్నే వెళ్ళి చూశాను. అయిదే ఉన్నాయి.

అంటే మా వరసలో ఎవరో ఫ్యాను తీగకి చార్జరు తగిలించారు. పళ్ళెం మానేసి, ఇంట్లో, ఎవరూ చూడకుండా. నాకు ఆ తర్వాత ముద్ద దిగలేదు. మా ఇళ్ళ గోడలు ప్లాస్టిక్కు, కింద పీపాలు ప్లాస్టిక్కు, ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య మూడు బారల మోకు.

అబ్బులు లెక్క చెప్పడానికి వచ్చినప్పుడు అడిగాను, "చెయ్యి పెట్టి చూస్తున్నారా, లేకపోతే దూరం నుంచి దణ్ణం పెట్టి వస్తున్నారా?"

"పెడతన్నానమ్మా. రెండేసిసార్లు పెడతన్నాను."

నమ్మలేదు. మధ్యాహ్నమంతా కాలు కాలిన పిల్లిలా వరసలో అటూ ఇటూ తిరిగాను. ఎవరి గుమ్మం దగ్గరైనా వాసన వస్తుందేమోనని ఆగి పీల్చాను. చేపల పులుసు వాసన తప్ప ఏమీ రాలేదు.

అన్నం గిన్నె లోవ గదిలో పెడుతుంటే అది అంది, "అమ్మా, బొంత తెల్లారగట్ల నుంచే ఎర్రదీపం చూపిత్తంది. బ్యాటరీ నిండట్లేదు. ఎనిమిది గంటలు పెట్టాలని చీటీలో ఉంది."

"ఎండ మూడు గంటలే ఉంటే ఎనిమిది గంటలు ఎక్కణ్ణించి తేవాలే? పదకొండు కొట్టగానే పళ్ళెంలో పెట్టు, రెండోది జాగ్రత్తగా వాడు," అన్నాను. ఇంకా ఏదో అనబోయింది. అప్పటికే నేను గుమ్మం దాటాను, పెద్దపెట్టె మీద ఇంకో దీపం ఆరిందేమో అనే ధ్యాసలో ఉన్నాను.

జనవరి 26, ఆదివారం. పురుడు అయిదో రోజు

వేడి: లేదు. పెద్దపెట్టె మీద తెల్లారి మిగిలినవి నాలుగు.

నేను ఇవాళ చెయ్యకూడని పని చేశాను. పదిహేడో ఇంట్లో పార్వతీశం మాస్టారు ఒక్కరే ఉంటారు. ఆయనకి పాత రేడియోలంటే పిచ్చి. అవి ఎప్పుడూ మోగుతూనే ఉంటాయి, ఎప్పుడు చార్జి పెడతారో అంతుపట్టదు. ఆయన గుమ్మానికి నాలుగు అడుగుల దూరంలో నిలబడి, అటూ ఇటూ ఇళ్ళవాళ్ళు వింటుండగా అడిగేశాను.

"మాస్టారూ, దాపరికం దేనికండి? లోపల ఏం పెట్టి చార్జి చేస్తున్నారో చెప్పెయ్యండి."

ఆయన ముందు అర్థం కానట్టు చూశారు. తర్వాత లోపలికి వెళ్ళి ఒక్కో రేడియో తెచ్చి పలకల మీద పెట్టడం మొదలుపెట్టారు. పద్నాలుగు రేడియోలు. తర్వాత పరుపు, దిండ్లు, బట్టల పెట్టె, వంటగిన్నెలు. ఆఖరికి ఫ్యాను తీగ కూడా ఊడదీసి తెచ్చి చూపించారు.

"ఇంకేమైనా ఉందా అమ్మా చూడ్డానికి?" అన్నారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

క్షమించమని అడగాలి. అడగలేదు, వెనక్కి తిరిగి వచ్చేశాను. రూలు కోసమే కదా అనుకున్నాను. అనుకుంటూ సాయంత్రం దాకా ఏ పనీ చెయ్యలేకపోయాను.

లోవ గదిలో ఫ్యాను ఆగి ఉంది. ఎందుకంటే పిల్లకి చలి అంది. నిజమే, చిన్నపిల్ల కదా. బొంత మీద పచ్చదీపమే ఉంది, అది చాలు. లోవ ముఖం పీక్కుపోయింది. నిద్రపోవే అన్నాను, పోతానంది.

జనవరి 28, మంగళవారం. పురుడు ఏడో రోజు

వేడి: లేదు. పెట్టె మీద మూడు.

ఇలా అయితే ఇంకో రెండు రోజుల్లో వరసంతా చీకటైపోతుంది. వరస పెద్దలకి చెప్పమని అబ్బులుని తొందరపెట్టాను. చెప్పాడట, ఇల్లిల్లూ లోపలికి వెళ్ళి చూడమన్నారట. పొద్దుట్నించీ చూశాడట. మంచాల కింద, బియ్యం డబ్బాల వెనక, దేవుడి గూట్లో కూడా.

"ఎవరు?" అన్నాను.

"ఎవరూ లేరమ్మా. అరవై ఒక్క ఇళ్ళూ చూసేను."

"అరవై రెండు కదండీ."

ఆయన పక్కింటి పలకల మీద నిలబడి, మా గుమ్మం వంక చూసి, తల వంచుకున్నాడు. "మీదొక్కటే ఉండిపోయిందండి. పురుడు కదా, తొక్కకూడదు. ఓసారి మీరే చూసుకుంటారేమోనని..."

నేను ఎంత మాటన్నానో రాయను. పదకొండేళ్ళుగా ఈ వరసని చేత్తో కాసినదాన్ని నేను. కప్పొద్దు, దిండు కింద పెట్టొద్దు, తడి చెయ్యి తగలనివ్వొద్దు, ఒకదాని చార్జరు ఇంకోదానికి పెట్టొద్దు అని పిల్లల చేత పాటలా పాడించినదాన్ని. నా ఇంట్లో చూసుకోమంటాడా? ఆయన వెళ్ళిపోయాడు. అబ్బులు ఉండే ముప్పైతొమ్మిదో ఇంటి నుంచి మా ఇల్లు కనబడదు గనక సరిపోయింది, లేకపోతే నా కోపం చల్లారేదాకా అటే చూస్తూ ఉండేవాడు.

లోవ గది గుమ్మం దాకా వెళ్ళాను. తెర వేసి ఉంది. "నిద్రోతంది అమ్మా, ఇప్పుడు రాకు," అంది లోపల్నించి. పోనీలే అనుకున్నాను.

జనవరి 30, గురువారం. పురుడు తొమ్మిదో రోజు

నిన్న రాయలేదు. ఇది అబ్బులు ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. పుస్తకం నా నడుము సంచిలో ఉండబట్టి మిగిలింది.

నిన్న రెండు దాటాక అబ్బులు వచ్చి లెక్క చెప్పి వెళ్ళాడు. నేను అన్నం గిన్నె లోవ గుమ్మంలో పెట్టేసి పెద్దపెట్టె దగ్గరికి పోయాను. మాది తొమ్మిదో ఇల్లు, పెట్టె దాకా నడవాలంటే వరసంతా దాటాలి. పట్టపగలు, ఎండ కరెంటు ఆగి గంట కూడా కాలేదు, తొమ్మిది వెలగాల్సినవి ఏడే ఉన్నాయి. నా కళ్ళముందే ఏడోది ఆరిపోయింది. ఎక్కడో ఎవరో ఈ క్షణంలోనే లాగేస్తున్నారని, అది ఎవరో తెలీక అక్కడ నిలబడి నా వేళ్ళు నేనే విరుచుకుంటున్నాను.

అప్పుడు వినబడింది, దూరం నుంచి.

"లాభం."

తర్వాత చాలాసేపటికి, "రెండు."

నేను లేనప్పుడు పరీక్ష పెట్టుకున్నాడనుకున్నాను. తిట్టుకున్నాను కూడా. "ఆరున్నొక్కటి" అనేదాకా నడుం మీద చేతులు పెట్టుకుని వింటూ నిలబడ్డాను. అప్పుడు గాలి ఇటు తిరిగింది. ప్లాస్టిక్కు కాలుతున్న వాసన, దాంతోపాటు తియ్యగా, గొంతు పట్టేసే ఇంకో వాసన. ఆ రెండోది నాకు తెలుసు. వెనక్కి తిరిగితే నీలం రేకు పైకప్పు మీంచి తెల్లటి పొగ లేస్తోంది. మా వరసలో నీలం రేకు మాదొక్కటే.

పరిగెత్తాను. పరిగెడుతూ నేను కూడా లెక్కపెట్టాను, అలవాటు. నా వంద ఇరవై ఒకటో ఇంటి దగ్గర అయిపోయింది. గొడ్డలి నా చేతిలో ఉండి ఉంటే ఆ సరికి మోకులు తెగిపోయేవి. నా ఇల్లు, నా కూతురు, ఆ కేజీ ఆరువందల పిల్ల సముద్రంలోకి పోయేవాళ్ళు. నా చేతులతో నేనే పంపి ఉండేదాన్ని, రూలు ప్రకారం, ఒక్క అంకె కూడా తప్పకుండా.

"అరవై," అన్నాడు అబ్బులు.

మోకు పక్కన నిలబడ్డాడు. గొడ్డలి రెండు చేతులా పట్టుకున్నాడు. పక్కింటివాళ్ళు తొందరగా కానివ్వండి, మా ఇళ్ళు అంటుకుంటాయని ఏడుస్తున్నారు. ఆయన వాళ్ళ వంక చూడలేదు. రేవులో బుట్టలు దించుతున్నప్పుడు ఎంత ఆగేవాడో అంతే ఆగాడు. అరవై ఒకటి అన్నాడు.

లోపల నేల మీద పాక్కుంటూ వెళ్ళాను. లోవ గది గుమ్మంలోనే బ్యాటరీ ఉంది. చుట్టూ పాత చీరలు కాలుతున్నాయి, మధ్యలో ఆ ఇటుక బుసకొడుతూ నిప్పులు చిమ్ముతోంది. దానికి తగిలించిన చార్జరు వీరబాబు పడవ బ్యాటరీది, తీగ ఫ్యానుది. గదికి ఇంకో దారి లేదు. అవతల మూల లోవ నేలకి అతుక్కుని పడుకుంది, పిల్లని జాకెట్టు లోపల దోపుకుంది.

"అరవై నాలుగు," అని వినబడింది బయటి నుంచి.

వెనక్కి పాకి గుమ్మం ముందున్న మట్టిపళ్ళెం తెచ్చాను. ఇసుకంతా దాని మీద కుమ్మరించాను. అది ఆరేది కాదని నాకు తెలుసు. కానీ నాలుగు గుక్కల సేపు అణిగింది. ఆ నాలుగు గుక్కల్లో లోవ జుట్టు పట్టుకుని ఈడ్చాను. బాలింతని జుట్టు పట్టుకుని ఈడ్చాను. దాని మోకాలు కాలింది, నా ఎడమ చెయ్యి కాలింది. బయట పలకల మీద పడ్డప్పుడు అబ్బులు ఎనభై తొమ్మిదిలో ఉన్నాడు.

పిల్ల ఏడ్చింది. అంత చిన్న గొంతు అంత మందిలోనూ వినబడింది.

అబ్బులు లెక్క ఆపలేదు. వందా అన్నాకే మొదటి మోకు మీద వేటు వేశాడు. రెండోది, మూడోది తెగ్గొట్టాడు. నాలుగోదాని దగ్గర ఆగి గొడ్డలి నా వైపు చాపాడు. కుడిచేత్తో పట్టుకుని నేనే కొట్టాను. రెండు వేట్లకి గాని తెగలేదు. ఇల్లు మెల్లిగా తిరిగి, పొగ కక్కుకుంటూ దక్షిణంగా పోయింది. దాంతోపాటు కాపుబొంత పోయింది, రెండో బ్యాటరీ పోయింది.

అబ్బులు భార్య మంగతాయారు తడి దుప్పటి పట్టుకుని పరిగెత్తుకొచ్చి లోవని చుట్టేసింది. ఎవరో, "పురుడింటి మనుషులు కదా పిన్నీ," అన్నారు. "పురుడూ లేదు గిరుడూ లేదు, తప్పుకోండి అవతలకి," అని లోవని తన ఇంట్లోకి తీసుకుపోయింది.

సాయంత్రం లోవని అడిగాను. తిట్టడానికి కాదు. అయినా నా గొంతు అలాగే వచ్చింది.

"చీరల్లో ఎందుకు చుట్టేవే?"

"చార్జరు ఎర్రగా ఎలుగుద్ది. నువ్వు చూత్తావని."

"నాకు చెప్పొచ్చు కదా."

"చెప్పేను అమ్మా. మూడో రోజున చెప్పేను. నువ్వు అప్పుడే గుమ్మం దాటేసేవు." పిల్లని గుండెలకి సర్దుకుంది. "అందరి పళ్ళేలూ చూత్తావు. నా గదిలో ఒక్క పూట కూచున్నావా? అది ఎర్రదీపం చూపిత్తుంటే నాకు గుండాగిపోయేది. నాకు మంట గుర్తుకు రాలేదు. దాని ఊపిరే గుర్తుకొచ్చింది."

అబ్బులు గుమ్మంలో కూర్చుని వింటున్నాడు. "అడిగుంటే పెద్దలు ఎనిమిది గంటలూ ఇచ్చేవారమ్మా. పలకల మీద ఎట్టుకుని పక్కన నేను కూచునేవోణ్ణి," అన్నాడు.

"అడగాలంటే అమ్మని దాటి రావాలి కదండి," అంది లోవ.

అది చెప్పిన ప్రతి ముక్కా నిజం. తర్వాత అబ్బులు వైపు తిరిగి అంది, "లోపల ఏమీ కనబళ్ళేదు బాబాయ్. మీ లెక్క వినబడతా ఉంటే ఇంకా టైముందిలే అనిపించింది. లేకపోతే ఆ నిప్పుల మీద దూకేసేదాన్ని, పిల్లతో సహా."

కాబట్టి రాస్తున్నాను. జనవరి 19న అబ్బులు గురించి నేను రాసింది తప్పు. ఈ పుస్తకంలో కాగితం చింపకూడదు కనుక చింపడం లేదు. అది చదివినవాళ్ళు ఇది కూడా చదవాలి. ఇంకొకటి: పురుడున్నా, మైల ఉన్నా ప్రతి ఇంటి పళ్ళెమూ చూడాలి. వేడి చూసే మనిషి ఇంటిని వేరే మనిషి చూడాలి. ఇట్లు, ఓలేటి సత్యవేణి.

జనవరి 31, శుక్రవారం. పురుడు పదో రోజు

వేడి: లేదు. అబ్బులు ఇప్పుడు పక్కనే కూర్చుని చెబుతున్నాడు, అరవక్కర్లేదు.

కొత్త కాపుబొంత మంగళవారం ఆస్పత్రి పడవలో వస్తుంది. అప్పటిదాకా ఏం చెయ్యాలని రేడియోలో డాక్టరమ్మని అడిగించాం. మాట్లాడించింది పార్వతీశం మాస్టారు. ఆయన రేడియోల్లో ఒకటి ఆస్పత్రి పడవని అందుకోగలదని నాకు తెలీదు. పిల్లని తల్లి గుండెల మీద, ఒంటికి ఒళ్ళు తగిలేలా ఉంచమంది. ఊపిరి మాత్రం ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి, తల్లి నిద్రపోయినా వాళ్ళు పోకూడదు, ఊపిరి ఆగితే అరికాలు గట్టిగా రుద్దాలి అని చెప్పింది.

మాస్టారు ఆ మాటలు మాకు చెప్పి, తిరిగి వెళ్ళలేదు. చేతులు కడుక్కుని, లోవ పక్కన చాప మీద కూర్చుని, చేతి వెనక వైపు పిల్ల ముక్కు కింద పెట్టారు. నేను వరసవాళ్ళకి నేర్పింది అదే కదా, వేడి చూడటం. మాస్టారి తర్వాత మంగతాయారు, ఆమె తర్వాత పద్దెనిమిదో ఇంటివాళ్ళు, తర్వాత ముప్పయ్యో ఇంటివాళ్ళు. పురుడు ఇంకా పోలేదు. దాని మాట ఎవరూ ఎత్తలేదు. తర్వాతి మనిషి చెయ్యి వచ్చేదాకా ముందు మనిషి చెయ్యి తియ్యకూడదని వాళ్ళలో వాళ్ళే అనుకున్నారు. పొరుగు వరసల నుంచి కూడా అడుగుతున్నారట, మా వంతు ఎప్పుడని.

నేను అందరికీ కాఫీలు పెట్టాను, గిన్నెలు తోమాను, దుప్పట్లు ఉతికాను, ఒక్క చేత్తోనే. మూడుసార్లు పెద్దపెట్టె దాకా వెళ్ళొచ్చాను. ఆరు దీపాలున్నాయి. మళ్ళీ గిన్నెలు తోమాను, తోమినవే. మాస్టారు వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగారు. ఆ రోజు మాట అడిగేస్తారేమోనని నేనే ముందు అన్నాను, "తప్పయిపోయిందండి మాస్టారూ."

"సరేలేమ్మా," అన్నారు. "మీ వంతు ఎప్పుడు?"

తోమిన గిన్నె ఇంకోటి చేతిలోకి తీసుకున్నాను.

ఫిబ్రవరి 1, శనివారం. పురుడు పదకొండో రోజు

పొద్దున్న లోవకి నీళ్ళు పోశారు. పురుడు వెళ్ళిపోయింది. పదకొండింటికి నేను పళ్ళేలు ముట్టుకోవచ్చు. అబ్బులు గొడ్డలి తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఇంద అమ్మా, మీ పని మీరు చూసుకోండి."

"ఈ పూటకి మీరే చూడండి అబ్బులు గారూ. గొడ్డలి మాత్రం మీ దగ్గరే ఉంచెయ్యండి, ఎప్పటికీ," అన్నాను. ఆయన సరేనండి అని తీసుకుపోయాడు.

లోపలికి వెళ్ళాను. పద్దెనిమిదో ఇంటి కోడలు కూర్చుని ఉంది. లోవ నిద్రలో ఉంది, పదకొండు రోజుల్లో అంత గాఢంగా నిద్రపోవడం ఇదే మొదటిసారి. నేను చాప మీద కూర్చున్నాను. కూర్చోగానే కాలు కదలడం మొదలైంది. ఇంకో కాలు దాని మీద వేసుకున్నాను. చెయ్యి చాపాను. ఆనించలేదు.

"పెట్టండత్తా. మీరు పెడితేనే నేను తీత్తాను," అంది ఆ అమ్మాయి.

పెట్టాను. ఏమీ తెలియలేదు. నా చెయ్యి పదకొండేళ్ళుగా వేడిని వెతికి, లేకపోతే సంతోషించడానికి అలవాటు పడింది. తర్వాత సన్నగా తగిలింది. ఆగింది. మళ్ళీ తగిలింది. బయట అబ్బులు గుమ్మం గుమ్మానికీ వెళ్ళి, పైకే లెక్కపెట్టుకుంటున్నాడు. లాభం, రెండు, మూడు. ఆ లెక్కకీ పిల్ల ఊపిరికీ ఏ పొత్తూ కుదరలేదు, పిల్లది నా పోలికే.

ఎంతసేపో తెలీదు. ఒక్కసారి ఊపిరి ఆగి, మళ్ళీ రాలేదు. నేను లోవని లేపలేదు, ఎవరినీ పిలవలేదు. కాలిన చేత్తోనే అరికాలు పట్టుకుని రుద్దాను. నా బొటనవేలంత కూడా లేదు ఆ పాదం. "ఓయ్, లే, లే, నీకేం తొందరే తల్లీ," అన్నాను. ముఖం ఎర్రగా చేసి, నన్ను తిట్టబోతున్నట్టు నోరు తెరిచి, గాలి తీసుకుంది. నాకు ఏడుపొచ్చింది. చెయ్యి మాత్రం తియ్యలేదు.

తర్వాతి మనిషి వచ్చి రెండుసార్లు అడిగింది. ఇంకొంచెంసేపు ఉంటానన్నాను. రెండూ దాటిపోయింది. కాలు ఎప్పుడు కదలడం మానేసిందో గమనించలేదు.

పుస్తకం మోకాలి మీద పెట్టుకుని ఎడమచేత్తో రాస్తున్నాను, కట్టు కట్టిన చెయ్యి, అక్షరాలు వంకరగా వస్తున్నాయి. కుడిచెయ్యి ఖాళీ లేదు.

ఇల్లు: ముప్పైతొమ్మిది. పేరు: ఇంకా పెట్టలేదు. వేడి: ఉంది.